ఏటికి ఎదురీత

పాఠ్యాంశ నేపథ్యం

మానవుడు తన అవసరాల కోసం ప్రకృతిలో తెచ్చిన మార్పులు తోటి జీవరాశిపై తీవ్ర ప్రభావాన్ని చూపుతున్నాయి. నేలమీద జరిగే నష్టం కంటికి కనిపిస్తుంది. నీటిలో జరిగే నష్టం నీటి మాటునే మిగిలిపోతుంది. ఉత్తర తెలంగాణలోని ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల నడుమ ప్రవహించే గోదావరిని ఆధారంగా చేసుకొని, మారుతున్న పర్యావరణం చేపల మనుగడపై చూపే ప్రభావాన్నీ, దానిని తెలుసుకోవడానికి వివిధ దేశాల శాస్త్రవేత్తలు కలిసి చేస్తున్న కృషినీ విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మృగశిర కార్తె ప్రవేశించే నాడు తెలంగాణలో చేపలు తినడం తరతరాల ఆచారం. జూన్ నెల మొదటి పక్షంలో, రోహిణి ఎండలు తగ్గి తొలకరి మేఘాలు తొంగిచూసే వేళ, కరీంనగర్, మంచిర్యాల వంటి పట్టణాల చేపల అంగళ్లు తెల్లవారకముందే జనంతో నిండిపోతాయి. గంపలలో రవ్వ, బొచ్చె, బంగారుతీగ, కొర్రమట్ట రాశులుగా కనిపిస్తాయి. కొనేవారికి అవన్నీ చేపలే. కాని పరిశీలనగా చూసేవారికి ఆ గంపలోనే ఒక నది చరిత్ర కనిపిస్తుంది. కొర్రమట్ట మన చెరువుల బురదలో పుట్టి పెరిగినది. రవ్వ, బొచ్చె చాలావరకు ఉత్పత్తి కేంద్రాలలో పొదిగించి తెచ్చి జలాశయాలలో విడిచినవి. బంగారుతీగ విదేశాల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడినది. పూర్వం నది తనంతట తాను ఇచ్చిన సంపదలో నేడు ఎంత మిగిలింది? ఎంత పోయింది? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి ముందు నదిని గురించి, చేప జీవనాన్ని గురించి తెలుసుకోవాలి.

నది – చేప జీవనయాత్ర

మహారాష్ట్రలోని త్ర్యంబకేశ్వరం వద్ద జన్మించిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఈ ప్రయాణంలో ఉత్తరపు ఒడ్డున ఆదిలాబాదు అడవులను, దక్షిణపు ఒడ్డున కరీంనగర్ మైదానాలను తడుపుతూ ధర్మపురి, మంచిర్యాల, మంథని మీదుగా కాళేశ్వరం చేరుతుంది. ఆదిలాబాదు కొండలలో పుట్టిన కడెం వాగు ఒకవైపు నుండి, కరీంనగర్ పొలాలను తడిపిన మానేరు మరొకవైపు నుండి ఈ నదిలో కలుస్తాయి. వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగ జలాలను మోసుకొని వచ్చే ప్రాణహిత కాళేశ్వరం వద్ద గోదావరితో సంగమిస్తుంది.

ఎండాకాలంలో ఈ నది సన్నని పాయలుగా చీలిపోతుంది. అప్పుడు చేపలకు లోతైన మడుగులే శరణ్యం. వానలు కురిసి ఎర్రనీరు వచ్చినప్పుడు వాటిలో కొత్త చైతన్యం కలుగుతుంది. రవ్వ, బొచ్చె వంటి పెద్ద చేపలు నిలువ నీటిలో సహజంగా గుడ్లు పెట్టవు. వాటికి వరద కావాలి, ప్రవాహపు ఒరవడి కావాలి, ఒడ్డుదాటి పారే పలుచని నీరు కావాలి. అందుకే అవి వరదకు ఎదురీది పైకి ప్రయాణిస్తాయి. అనువైన తావులో పెట్టిన గుడ్లు ప్రవాహంతోపాటు కొట్టుకొనిపోతూ ఒక రోజులోపే పిల్లలవుతాయి. ఆ పిల్లలు ఒడ్డున నిలిచిన వరదనీటిలో సూక్ష్మజీవులను తిని పెరిగి, నీరు తీసే సమయానికి మళ్లీ నదిలో చేరుతాయి. ఈ గొలుసులో ఒక్క కొలికి ఊడినా ఆ సంవత్సరపు సంతతి నశిస్తుంది. ఏటికి ఎదురీదడం మనుషుల భాషలో కష్టానికి నుడికారం. చేపకు మాత్రం అది వంశాన్ని నిలుపుకొనే ఏకైక మార్గం.

ఆనకట్టలు – అడ్డుగోడలు

గోదావరి మీద పెద్ద అడ్డుకట్ట ఆధునిక కాలంలో మొదట వెలసినది సముద్రానికి చేరువలో. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1852లో పూర్తయింది. కరవుతో అలమటించిన డెల్టా దానితో ధాన్యాగారమయింది. అదే సమయంలో సముద్రం నుండి నదిలోకి ఎక్కివచ్చే పులస చేపకు దారి మూతపడింది. నదులకు అడ్డంగా కట్టే ఆనకట్టలు చేపల రాకపోకలను నిరోధిస్తున్నాయని ఫ్రాన్సిస్ డే 1873లోనే తన నివేదికలో ప్రస్తావించాడు. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా చేరి, అనంతరం భారతదేశ మత్స్యశాఖకు ప్రధానాధికారిగా పనిచేసినవాడు ఆయన. అంటే ఈ సమస్యను గుర్తించి నూటయాభై సంవత్సరాలు దాటిందన్నమాట.

ఉత్తర తెలంగాణలో ఈ మార్పు ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధంలో వేగం పుంజుకొన్నది. పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జూలై 26న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. కడెం వాగుపై ప్రాజెక్టు వచ్చింది. కరీంనగర్ పట్టణం చెంతనే దిగువ మానేరు జలాశయం 1985లో పూర్తయింది. తరువాతి కాలంలో ఎల్లంపల్లి, 2019లో ప్రారంభమైన కాళేశ్వరం పథకంలో భాగంగా సుందిళ్ల, అన్నారం, మేడిగడ్డ బ్యారేజీలు నిర్మించబడ్డాయి. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు కుంగడంతో అక్కడ నిల్వ ఉన్న నీటిని విడిచిపెట్టవలసి వచ్చింది.

ఈ ప్రాజెక్టుల వలన కలిగిన మేలును ఎవరూ కాదనలేరు. ఎండిన పొలాలకు నీరు వచ్చింది. పట్టణాలకు తాగునీరు వచ్చింది. జలాశయాలలో చేపలు పట్టుకొని జీవించే గంగపుత్ర, ముదిరాజ్ కుటుంబాలకు ఉపాధి కూడా లభించింది. అయితే పారే నది వరుస చెరువులుగా మారినప్పుడు పారే నీటినే నమ్ముకొన్న చేపలకు చోటు లేకుండా పోయింది. వరదకు ఎదురీదిన చేప కాంక్రీటు గోడ దగ్గర ఆగిపోతుంది. నదితోపాటు కదిలే ఒండ్రు జలాశయం అడుగున నిలిచిపోతుంది. వరద ఎప్పుడు రావాలో ఋతువు గాక, గేట్లు నిర్ణయిస్తాయి.

సహజ సంతతి తగ్గిన కొరతను తీర్చడానికి శాస్త్రం ఒక ఉపాయాన్ని కనుగొన్నది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి బృందం పిట్యూటరీ గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి చేపల చేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించింది. ఆ రోజునే దేశమంతటా జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకొంటున్నాము. నేడు చెరువుల్లోకి, జలాశయాల్లోకి వచ్చే చేపపిల్లలు ఆ పరిశోధన ఫలమే. తెలంగాణ ప్రభుత్వం 2016 నుండి ఉచితంగా చేపపిల్లలను విడిచే పథకాన్ని చేపట్టింది. దీనివలన చేపల దిగుబడి పెరుగుతుంది. కాని నాలుగైదు రకాల చేపలను కోట్ల సంఖ్యలో పెంచడం వేరు, నదిలోని నానారకాల చేపలను కాపాడడం వేరు. మొదటిది వ్యవసాయం, రెండవది పరిరక్షణ.

వేడి, విషం, ఇసుక

చేప శీతరక్త జీవి. దాని శరీర ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న నీటిని అనుసరించి మారుతుంది. నీరు వేడెక్కితే దానిలో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. ఇరవై డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలదు. ముప్పై డిగ్రీల వద్ద అది సుమారు ఏడున్నర మిల్లీగ్రాములే. వేడి పెరిగిన కొద్దీ చేప శరీరానికి ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది. నీటిలో దాని లభ్యత తరుగుతుంది. రామగుండం, మంచిర్యాల పరిసరాలు వేసవిలో రాష్ట్రంలోనే మిక్కిలి వేడి గల ప్రాంతాలు. భూతాపం వలన పెరిగే ప్రతి డిగ్రీ ఇక్కడి మడుగులలోని చేపకు ప్రాణసంకటమే. కొర్రమట్ట వంటి కొన్ని చేపలు నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోగలవు. ఆ శక్తి లేనివి ఉక్కిరిబిక్కిరై మరణిస్తాయి.

రామగుండంలో బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రం తొలి యూనిట్ 1983లో పనిచేయడం మొదలైంది. గోదావరి తీరమంతా సింగరేణి బొగ్గుగనులు విస్తరించి ఉన్నాయి. ఈ పరిశ్రమల వెలుగు రాష్ట్రమంతటికీ చేరింది. కాని బొగ్గులో అతి స్వల్ప పరిమాణంలో పాదరసం వంటి లోహాలుంటాయి. అవి నీటిలో చేరితే నాచులోనికి, నాచు నుండి చిన్న చేపలోనికి, చిన్న చేప నుండి పెద్ద చేపలోనికి చేరి అంతకంతకు సాంద్రమవుతాయి. జపానులోని మినమాటాలో ఒక రసాయన కర్మాగారం సముద్రంలోనికి వదిలిన పాదరసం చేపల ద్వారా మనుషులకు చేరి వేలాదిమందిని వికలాంగులను చేసింది. ఆ వ్యాధిని 1956లో గుర్తించారు. ఆ విషాదం నేర్పిన గుణపాఠంతో 2013లో దేశాలన్నీ కలిసి పాదరస నియంత్రణకు మినమాటా ఒడంబడికను రూపొందించాయి. భారతదేశం దానిని 2018లో ధ్రువీకరించింది. ఒక్క తీరంలో చేపలు చెప్పిన సాక్ష్యం ప్రపంచ చట్టంగా మారిన సందర్భమిది. చేప మౌనంగా చెప్పే సాక్ష్యాన్ని చదవడమే ఈ శాస్త్రం పని.

ఇసుక విషయం కూడా ఇటువంటిదే. ప్రపంచం ఏటా సుమారు 5,000 కోట్ల టన్నుల ఇసుక, కంకర వాడుతున్నదని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2022లో ప్రకటించింది. మానేరు, గోదావరి ఇసుక తిన్నెలు కూడా ఆ లెక్కలోనివే. ఇసుకను మితిమీరి తోడివేసిన చోట నదీగర్భం కుంగుతుంది. నీరు కలక బారుతుంది. ఇసుకలో, గులకరాళ్లలో గూడు కట్టుకొనే చేపలకు ఇల్లు కూలిపోతుంది.

మేలు తలచి చేసిన కీడు

అన్ని నష్టాలూ స్వార్థం వలన కలిగినవి కావు. మంచి ఉద్దేశంతో చేసిన పనులు కూడా కొన్నిసార్లు వికటించాయి. పేదలకు చవకైన ఆహారం అందించాలని 1952లో తిలాపియా చేపను దేశానికి తెచ్చారు. అది చెరువు నుండి చెరువుకు వ్యాపించి స్థానిక చేపల మేతను, చోటును ఆక్రమించింది. ఆఫ్రికా నుండి వచ్చిన మార్పు చేప దొరికిన జీవినల్లా మింగివేయడం వలన దాని పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లో నిషేధించింది.

ఇంకొక ఉదాహరణ మరీ ఆలోచింపజేస్తుంది. దక్కను నదులలో నివసించే నీలిరెక్కల మహసీరు చేపను లోనావాలాలోని కేంద్రంలో పొదిగించి, దాని పిల్లలను దక్షిణాది నదులలో విడిచారు. కావేరిలో చేరిన ఆ చేపలు అక్కడ మాత్రమే జీవించే మూపు మహసీరును వెనక్కు నెట్టివేశాయి. బ్రిటన్, భారతదేశ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పరిశోధన ఈ సంగతిని బయటపెట్టింది. విచిత్రమేమిటంటే, శతాబ్దానికి పైగా వేటగాళ్లకు సుపరిచితమైన ఆ మూపు మహసీరుకు సరియైన శాస్త్రీయనామం నిర్ధారణ అయినది 2018లో మాత్రమే. అప్పటికే అది అంతరించే అంచుకు చేరింది. పేరైనా తెలియకముందే ఒక జీవి కనుమరుగయ్యే ప్రమాదం ఎంత సమీపంలో ఉన్నదో దీనివలన తెలుస్తుంది. మన జలాశయాలలో చేపపిల్లలను విడిచేవారు సదా గుర్తుంచుకోదగిన పాఠమిది.

సరిహద్దులు లేని పరిశోధన

దక్కను చేపలను శాస్త్రీయంగా వర్ణించినవారిలో విలియం హెన్రీ సైక్స్ తొలితరం వాడు. ఆయన రచన 1839లో వెలువడింది. ఫ్రాన్సిస్ డే రచించిన భారతీయ మత్స్యాల బృహద్గ్రంథం 1875 – 1878 సంవత్సరాల మధ్య ప్రచురితమయింది. డే సేకరించిన చేపలు కలకత్తా, లండన్, లైడెన్, సిడ్నీ నగరాల వస్తుప్రదర్శనశాలలలో నేటికీ భద్రంగా ఉన్నాయి. అనంతరం 1940 దశకంలో మహమూద్, రహీముల్లా అనే పరిశోధకులు హైదరాబాదు సంస్థానంలోని చేపలను జిల్లాలవారీగా సర్వే చేశారు. నాటి జాబితాలు నేడు ఎంతో విలువైనవి. ఎందుకంటే, ఒకప్పుడు ఏమి ఉండేదో తెలిసినప్పుడే ఏమి పోయిందో చెప్పగలుగుతాము.

ఈ రంగంలో ఒక దేశం ఒంటరిగా చేయగలిగింది తక్కువ. ఒక చేప కొత్త జాతి అని చెప్పాలంటే వేరొక ఖండంలో భద్రపరచిన పాత నమూనాతో పోల్చిచూడాలి. ఒక నదిలో చేపలు ఎందుకు తగ్గాయో తెలియాలంటే అదే కష్టానికి గురియైన ఇతర నదుల అనుభవం కావాలి. 1990 ప్రాంతంలో ఆరంభమైన ఫిష్‌బేస్ అనే అంతర్జాతీయ సమాచార నిధిలో 35,000కు పైగా చేపజాతుల వివరాలున్నాయి. కరీంనగర్ కళాశాలలోని విద్యార్థి సైతం దానిని ఉచితంగా చూడవచ్చు.

ఇటువంటి ఉమ్మడి కృషి వలన వెల్లడైన విషయాలు కలవరపెట్టేవిగా ఉన్నాయి. వెయ్యి కిలోమీటర్లకు మించిన పొడవైన నదులలో ఆద్యంతం ఆటంకం లేకుండా పారేవి 37 శాతం మాత్రమేనని 2019లో ఒక అంతర్జాతీయ బృందం తేల్చింది. వలస వెళ్లే మంచినీటి చేపలలో పరిశీలించిన సమూహాల పరిమాణం 1970 – 2020 మధ్య సగటున 81 శాతం తగ్గిందని 2024 నివేదిక పేర్కొన్నది. చేపలు, తూనీగలు, పీతలు, రొయ్యలు మొదలైన 23,000కు పైగా మంచినీటి జాతులను పరిశీలించిన శాస్త్రవేత్తలు, వాటిలో సుమారు నాలుగింట ఒక వంతు అంతరించే ప్రమాదంలో ఉన్నాయని 2025 జనవరిలో ప్రకటించారు. నదికి సరిహద్దులు లేవు. నదిని చదివే శాస్త్రానికీ ఉండరాదు.

అయితే ఈ సహకారం సమానుల నడుమ జరగాలి. పూర్వం నమూనాలు ఓడలెక్కి విదేశాలకు తరలిపోయాయి. వాటితోపాటు జ్ఞానమూ తరలిపోయింది. ఈ అసమానతను తొలగించడానికి భారత పార్లమెంటు 2002లో జీవవైవిధ్య చట్టాన్ని చేసింది. దీని ప్రకారం విదేశీయులు మన జీవవనరులను పరిశోధనకు తీసుకోవాలంటే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి పొందాలి.

మైసమ్మ లొద్ది చెప్పిన కథ

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని కవ్వాల అడవిలో మైసమ్మ లొద్ది అనే తావు ఉన్నది. అక్కడి చిన్న వాగు నీరు చివరకు గోదావరిని చేరుతుంది. ఆ వాగులో, రాళ్ల సందులలో ఒదిగి జీవించే ఒక చిన్న చేపను ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఇతర శాస్త్రవేత్తలతో కలిసి పరిశీలించారు. డే 1872లో పుణె ప్రాంతం నుండి వర్ణించిన చేపకు అది దగ్గర బంధువు. కాని ఆకారంలోని భేదాలను బట్టి అది వేరు జాతి అని తేలింది. 2020లో దానికి ‘ఇండోరియోనెక్టిస్ తెలంగాణెన్సిస్’ అని పేరు పెట్టారు. ఈ విధంగా తెలంగాణ పేరు ఒక చేప పేరులో శాశ్వతంగా నిలిచింది.

ఆ చేప ఏ అంగడిలోనూ అమ్ముడుపోదు. ఎవరి విస్తరిలోనూ కనిపించదు. అది కోరేది స్వచ్ఛమైన పారే నీరు, కదలని రాళ్లు, వాగుపై నీడ. ఆ అడవి నిలిచి, ఆ వాగు పారితేనే అది బతుకుతుంది. పులుల అభయారణ్యంగా 2012లో ప్రకటించబడిన కవ్వాల, పెద్దపులిని కాపాడుతూ ఈ చిన్న జీవికీ నీడనిస్తున్నది. ఇంకా పేరు పెట్టని చేపలు మన వాగులలో లేవని ఎవరు చెప్పగలరు?

కర్తవ్యం

కట్టిన ప్రాజెక్టులన్నిటినీ తొలగించడం సాధ్యమూ కాదు, సమంజసమూ కాదు. కాని మార్గాలు లేకపోలేదు. అమెరికాలోని క్లామత్ నదిపై కాలం చెల్లిన నాలుగు ఆనకట్టలను 2024లో తొలగించగా, శతాబ్దకాలం తరువాత సాల్మన్ చేపలు కొద్దివారాలలోనే ఎగువ నీటికి తిరిగివచ్చాయి. ఆనకట్టలు నిలుపుకొనవలసిన చోట చేపలు ఎక్కిపోవడానికి మెట్లవంటి దారులు ఏర్పరచవచ్చు. తొలి వరదలో కొంత నీటిని సహజరీతిలో దిగువకు విడువవచ్చు. గుడ్లు పెట్టే కాలంలో వేటను ఆపి, ఆ కాలానికి మత్స్యకార కుటుంబాలకు భృతి కల్పించవచ్చు. వేసవి మడుగులను కాపాడవచ్చు.

వీటన్నిటికీ ముందు, నదిని ఎరిగినవారి మాట వినాలి. ఏ మడుగులో ఏ చేప దాగునో, ఏ గాలికి అది కదులునో, ఏ సంవత్సరం నుండి ఏ రకం వలకు చిక్కడం మానిందో వృద్ధ జాలరికి తెలుసు. అతని జ్ఞాపకం ఏ గ్రంథాలయంలోనూ లేదు. జీవవైవిధ్య చట్టం గ్రామాలలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు తయారుచేయాలని నిర్దేశించింది. తమ ఊరి చెరువులో, వాగులో దొరికే చేపల పేర్లను పెద్దలనడిగి, దొరికే నెల, దొరికే చోటుతో సహా రాసిపెట్టడం జూనియర్ కళాశాల విద్యార్థులు చేయదగిన పని. నేటి ఆ నోటుపుస్తకం రేపటి శాస్త్రవేత్తకు 1940 దశకపు జాబితాల వలెనే అమూల్యమవుతుంది.

ఏటేటా మృగశిర వస్తుంది. అంగడిలో చేపల గంపలు నిండుతాయి. అదే వేళ నదిలో ఏదో ఒక తల్లి చేప ఎర్రనీటి వాసన పసిగట్టి పైకి బయలుదేరుతుంది. దాని దారి తెరిచి ఉంటేనే మన మనుమల కాలానికి గోదావరి చేప గోదావరిలో దొరుకుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

తొలకరి = వానకాలపు మొదటి వాన
ఒరవడి = వేగం, ఉరవడి
కొలికి = గొలుసులోని ముడి, కలిపే భాగం
నుడికారం = భాషలోని పలుకుబడి
ఒండ్రు = నీటితో కొట్టుకొనివచ్చే మెత్తని మన్ను
సాంద్రమగు = చిక్కబడు
ప్రాణసంకటం = ప్రాణాపాయం
వికటించు = చెడు ఫలితమిచ్చు
మూపు = వీపు పైభాగం
ఆద్యంతం = మొదటినుండి చివరివరకు
లొద్ది = కొండల నడుమ లోతైన చోటు
భృతి = జీవనానికి ఇచ్చే ధనం

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఆనకట్టల నిర్మాణం వలన మానవులకు కలిగిన మేలును, చేపలకు కలిగిన నష్టాన్ని వివరించండి.
2. చేపల పరిశోధనలో అంతర్జాతీయ సహకారం ఎందుకు అవసరమో పాఠం ఆధారంగా సమర్థించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. రవ్వ, బొచ్చె వంటి చేపల సంతానోత్పత్తికి వరద ఎట్లా తోడ్పడుతుంది?
2. నీరు వేడెక్కితే చేపలకు కలిగే ఇబ్బంది ఏమిటి?
3. మహసీరు ఉదంతం నేర్పే పాఠమేమిటి?
4. మైసమ్మ లొద్దిలోని చేప విశేషాలను తెల్పండి.

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. “చేప మౌనంగా చెప్పే సాక్ష్యాన్ని చదవడమే ఈ శాస్త్రం పని.”
2. “నదికి సరిహద్దులు లేవు, నదిని చదివే శాస్త్రానికీ ఉండరాదు.”

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ప్రాణహిత గోదావరితో ఎక్కడ సంగమిస్తుంది?
2. జాతీయ మత్స్య రైతుల దినోత్సవం ఏ రోజున జరుపుకొంటారు?
3. జీవవైవిధ్య చట్టం ఏ సంవత్సరంలో వచ్చింది?

V. విడదీసి సంధి పేరు రాయండి.
జలాశయం, పర్యావరణం, ఎదురీత

VI. ప్రాజెక్టు పని
మీ ఊరి చెరువులో లేదా వాగులో దొరికే చేపల స్థానిక నామాలను పెద్దలనడిగి పట్టికగా తయారుచేయండి. ముప్పై ఏళ్ల క్రితం దొరికి నేడు దొరకని వాటిని విడిగా సూచించండి.